ఎర్ర కారుకు హెప్సిబా వెతికిన ఇంజన్

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద, ఎరువుల గోదాము దాటాక, రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాని బోర్డు మీద ‘మాసయ్య ఇంజన్ బోరింగ్ వర్క్స్’ అని రాసి ఉంటుంది. మాసయ్య పోయి పన్నెండేళ్ళయింది. లోపల పని చేసేది ఆయన కూతురు హెప్సిబా. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను చూసి, “మేస్త్రి లేడామ్మా?” అని అడుగుతారు. “లేడు” అంటుంది ఆమె. వాళ్ళు వచ్చి బల్ల మీద కూర్చుంటారు. ఆమె చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి, రాసుకుని, గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, “ఇగ చెప్పుండ్రి, బండికి ఏమైంది?” అన్నప్పుడు గాని సంగతి వాళ్ళ బుర్రకెక్కదు. పన్నెండేళ్ళుగా ఈ వేడుక ఆమెకు విసుగు పుట్టించలేదు.

మాసయ్యది ఆత్మకూరు పక్కన పల్లె. పడుచువయసులో పాలమూరు కూలీల గుంపుతో కలిసి ఎక్కడో ఒడిశా వైపు ఆనకట్ట పనికి తట్టమోతకు పోయాడు. అక్కడ ఒకరోజు బుల్డోజరు ఆగిపోతే, నీడ కోసం దాని కిందికి దూరినవాడు మెకానిక్‌కు పానా అందించాడు. మర్నాడు కూడా అందించాడు. ఆరేళ్ళ తర్వాత ఊరికి తిరిగి వచ్చేసరికి తట్ట పోయి చేతికి మైక్రోమీటరు వచ్చింది. హెప్సిబా తొమ్మిదో తరగతి సెలవుల్లో ఉండగా ఆయన కళ్ళకు పొరలు కమ్మి, ఆ మైక్రోమీటరు మీది సన్నగీతలు కనబడటం మానేశాయి. “జర ఎంతున్నదో సూడు బిడ్డా” అన్నాడు. ఆ చూడటం ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా ఇంకా అయిపోలేదు.

ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, బోరు బండ్ల కంప్రెషర్లు, అప్పుడప్పుడు ఒక పాత జీపు. ఆ షెడ్డులోకి వచ్చే బంధుబలగం అంతే. అలాంటి చోటికి కిందటి సంవత్సరం యాసంగి కోతలు ముగిసిన వారానికి, హార్వెస్టరును మోసే లారీ మీద ఒక ఎర్ర కారు వచ్చింది. నేలకు జానెడెత్తున, పడుకున్న పులిలా ఉంది. లారీ వెనక వచ్చిన జీపులోంచి దాని యజమాని ప్రేమ్ కుమార్ దిగాడు. ముఖం చూస్తే దవాఖానకు మనిషిని తెచ్చినవాడిలా ఉన్నాడు.

ప్రేమ్ కుమార్‌ది బిజినేపల్లి. రెండు హార్వెస్టర్లు, మూడు బోరు బండ్లు ఉన్నాయి. వాటి ఇంజన్లన్నీ హెప్సిబా చేతి మీదుగా పోయినవే. వాళ్ళ నాయన కురుమయ్యను మాసయ్య “పటేలా” అని పిలిచేవాడు. ఈమె ప్రేమ్ కుమార్‌ను “తమ్మీ” అంటుంది, అతను “అక్కా” అంటాడు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో ఇద్దరికీ గుర్తు లేదు.

“ఏంది తమ్మీ ఇది?”

“అమెరికా కారక్కా. ఎనిమిది సిలిండర్లు. హైదరాబాద్‌ల ఇద్దరు వాడినంక నాకు దొరికింది. మొన్న కొత్తకోట దాటినంక జర తొక్కిన. టప్పుమన్నది. ఎనకాల సూస్తె నీలం పొగ, మా ఊరి జాతరల గూడ అంత లెవ్వలే.”

“జర అంటె ఎంత తొక్కినవ్?”

ప్రేమ్ కుమార్ కారు టైరు వైపు చూశాడు. “ఇంగ కిందికి పోనంత.”

ఆ ఇంజన్ విప్పడానికి హెప్సిబాకు రెండు రోజులు పట్టింది. ఇంజన్ నెత్తిన సూపర్‌చార్జర్ అనే గాలి యంత్రం కూర్చుని ఉంది. మామూలు ఇంజన్ తనకు కావలసినంత గాలి తానే పీల్చుకుంటుంది. దీనికి మాత్రం బెల్టుతో తిరిగే ఆ యంత్రం గాలిని కుక్కి కుక్కి పెడుతుంది, కొత్త అల్లుడికి అత్తగారు వడ్డించినట్టు. ఆమెకు ఆ తంతు కొత్త కాదు. హార్వెస్టర్లలో టర్బో చేసేదీ అదే పని, కాకపోతే అది పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో తిరుగుతుంది. గాలి ఎంత కుక్కితే ఇంధనమూ అంత పోయాలి. అక్కడ లెక్క తప్పితే లోపల నిప్పే.

మూడో సిలిండర్‌లోని పిస్టన్ బయటికి వచ్చింది. ఎండలో పెట్టిన బెల్లంముక్కలా దాని అంచు కరిగి జారిపోయింది. దాన్ని మోసే కడ్డీ వంగి, విరిగి, పోతూ పోతూ ఇంజన్ గోడకు కిటికీ పెట్టింది. ఆ కిటికీలోంచి అవతల నిలబడ్డ ప్రేమ్ కుమార్ చొక్కా గుండీ కనబడుతోంది.

“తమ్మీ, గాలి యంత్రం పుల్లీ మార్పిచ్చినవా?”

“అంటె... జర చిన్నది ఏపిచ్చిన. చిన్నదైతె జోరుగ తిరుగుతది, పవర్ పెరుగుతదన్నరు.”

“మరి పెట్రోల్ పెంచెటిది?”

“అది గూడ ఉంటదా?”

హెప్సిబా ఆ పిస్టన్‌ను అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కరిగిన అంచును వేలితో తడిమి, “ఇది ఇగ అతుకదా అక్కా?” అన్నాడు. అతుకదు. పిస్టన్ ఒక్కటే అయితే మార్చవచ్చు. గోడకు కిటికీ పడ్డ ఇంజన్‌ను ఎవరూ బాగు చెయ్యలేరు. దీనికి వేరే ఇంజన్ తేవాలి. అదీ ఇలాంటిది కాదు. లోపలి పిస్టన్లు, కడ్డీలు గట్టి లోహాన్ని కొట్టి చేసినవి అయి, గాలి కుక్కినా తట్టుకునేటట్టు ఒక్కొక్క భాగమూ కొలిచి కూర్చిన ఇంజన్ కావాలి.

“నువ్వే సూడాలె అక్కా.”

“నేను ట్రాక్టర్లు సూసెటిదాన్ని.”

“నా హార్వెస్టర్ మూడు సీజన్ల సంది ఒక్కనాడు ఆగలే. నాకు గది సాలు.”

ఆ మాట ఆమెకు లోపల బాగానే తగిలింది కాని బయటికి కనబడనివ్వలేదు. ఇంటికి పోయి భర్త యేసుబాబుకు చెప్పింది. అతను ఆర్టీసీ డ్రైవరు. అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

“మొత్తం ఎన్ని గుర్రాల బలం కావాల్నంట?”

“వెయ్యి అంటుండు.”

“నా బస్సుకు రెండొందలు లేవు. అరవై మందిని ఎక్కించుకొని హైదరాబాద్ పోయొస్తున్న. ఆయన ఒక్కడు, పెండ్లాం ఒకామె. మనిషికి ఐదొందల గుర్రాలా?” అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. “పోయి సూడు. మల్ల గసొంటి ఇంజన్ నీ చేతికి రాదు.”

మొదట హైదరాబాదులో శ్రీనాథ్ అనే అతని దుకాణానికి పోయారు. అద్దాల తలుపులు, ఏసీ, నేల మీద కాలు జారేంత నునుపు. నడుమ ఒక ఇనుప స్టాండు మీద ఇంజన్. దాని మీద నీలం దీపాలు పడుతున్నాయి. ప్రేమ్ కుమార్ చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“వెయ్యి గుర్రాలు సార్. సీల్డ్. బయటి దేశం నుంచి పెట్టెలో దిగింది” అన్నాడు శ్రీనాథ్. ముప్పై ఏళ్ళుంటాయి, మాట తీపి. చెప్పేదంతా ప్రేమ్ కుమార్‌కే చెబుతున్నాడు. హెప్సిబా కోసం ఒక కూల్‌డ్రింకు తెప్పించాడు.

ఆమె అది తాగి, సీసా పక్కన పెట్టి, “కొలతల కాగితం ఉన్నదా బాబూ?” అంది.

“ఏ కొలతలు మేడమ్?”

“పిస్టన్‌కు గోడకు సందెంత, రింగుల సందెంత, గాలిని ఎన్నో వంతుకు నొక్కుతది... అవి.”

“అవన్నీ కంపెనీవాళ్ళే చూసుకుంటరు మేడమ్.”

“అయితె మనం గూడ ఒకసారి సూద్దాం” అని ఆమె సంచిలోంచి వైరు కెమెరా తీసింది. పురుగంత కెమెరా పొడుగాటి తీగ చివర ఉంటుంది, చూపించేది ఫోన్‌లో. హార్వెస్టర్ల కడుపులో ఏముందో విప్పకుండా చూడటానికి కొనుక్కున్నది. ప్లగ్గు ఒకటి విప్పి, ఆ రంధ్రంలోంచి తీగ దింపాలి. ప్లగ్గు విప్పితే వారంటీ పోతుందన్నాడు శ్రీనాథ్. వారంటీ కాగితం చూపించమంది ఆమె. అతను సొరుగులు మూడు తీసి చూశాడు. నాలుగో సొరుగు తీయకుండానే ప్లగ్గు పానా తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఫోన్‌లో పిస్టన్ నెత్తి కనబడింది. అది చదునుగా లేదు, గుట్టలా పైకి లేచి ఉంది.

ఆమె ప్రేమ్ కుమార్‌ను దగ్గరికి పిలిచింది. “గిది సూడు. గిట్ల లేచి ఉన్నదంటె గాలిని మస్తు గట్టిగ నొక్కెటందుకు చేసిండ్రు. తానే గాలి పీల్చుకునే రేసు కారుకు ఇది బంగారం. నీ కారుల పైనుంచి ఇంకొకడు గాలి కుక్కుతుండు. రెండు దిక్కుల నొక్కుడైతె ప్లగ్గు ఎలగకముందే పెట్రోల్ అంటుకుంటది. ఈడికెల్లి బయలెల్లితె కొత్తకోట దాక గూడ పోవు.”

“ఎంత దూరం పోతా?”

“షాద్‌నగర్.”

శ్రీనాథ్ కూడా వంగి ఫోన్‌లోకి చూశాడు. అతని ముఖంలో అమ్మకందారు పోయి మనిషి బయటికి వచ్చాడు. “నిజంగా నాకు తెల్వదు మేడమ్. పెట్టె మీద వెయ్యి అని రాసి ఉంటే వెయ్యి అన్న” అన్నాడు మెల్లగా. వేలు చూపిస్తూ, “ఆ మూలన ఇంకొకటి ఉంది. దాన్ని కూడ జర చూసి పెడతరా?” అని అడిగాడు. ఆమె దానినీ చూసింది. అది బాగానే ఉంది, కాని వీళ్ళ కారుకు సరిపడేది కాదు. అతను ఇద్దరినీ కారుదాకా వచ్చి సాగనంపాడు. ఈసారి తలుపు తీసింది హెప్సిబాకు.

అదే మధ్యాహ్నం పాత సామాన్ల యార్డుకు పోయారు. గుద్దుకున్న కారులోంచి తీసిన అసలు ఇంజన్ ఒకటి ఉందని అక్కడివాళ్ళు కబురు పెట్టారు. హెప్సిబాకు పాత ఇంజన్లంటే గౌరవం. కింది బోల్టు విప్పి నాలుగు చుక్కలు అరచేతిలోకి పట్టుకుంది. ఆయిల్ నల్లగా ఉండవలసింది, చిక్కటి పాలచాయ్ రంగులో ఉంది. నీళ్ళు కలిశాయన్నమాట. “దీన్ని గిలాసల పోసి ఇయ్యుండ్రి, బిస్కెట్లు నేను తెచ్చుకుంట” అని చెయ్యి తుడుచుకుంది.

తిరుగు ప్రయాణంలో జడ్చర్ల దగ్గర ప్రేమ్ కుమార్ “ఆ నీలం లైట్లు బాగుండెగదక్కా” అన్నాడు.

మూడో ఇంజన్ సంగతి ఆమెకు పిస్టన్ రింగులు అమ్మే వ్యాపారి చెప్పాడు. హోసూరులో మునిరత్నం అని ఒక పెద్దాయన ఉన్నాడు, పందెం కార్ల ఇంజన్లు కూర్చుతాడు, ఇలాంటి కారు కోసమే ఎవరికో చేసిన ఇంజన్ ఆ మనిషి కారు అమ్మేసుకోవడంతో అక్కడే ఉండిపోయింది అని. ఫోన్ చేస్తే ఆయన తెలుగే మాట్లాడాడు, సగం మాటలు కన్నడంలోకి జారుతూ.

“ఇంజన్ ఉండాది. అమ్మేదీ లేనిదీ మనిషిని చూసినాక చెప్తాను. బండి నడిపేవాడిని తోడుకొని రండి” అని పెట్టేశాడు.

ఈ ప్రయాణానికి ప్రేమ్ కుమార్ భార్య జయశ్రీ కూడా బయలుదేరింది. “నేను రాకపోతె ఈయన ఇంజన్‌తోని పాటు దానికి సరిపడ ఇంకో కారు గూడ తెస్తడు” అంది. కర్నూలు, అనంతపురం, బెంగళూరు దాటుకుని మరునాటి పొద్దుటికి హోసూరు చేరారు.

మునిరత్నం కార్ఖానా వంటిల్లులా ఉంది. చెప్పులు బయటే విడవాలి. గోడకు పానాలన్నీ పెద్దదాని పక్కన చిన్నది వరసగా వేలాడుతున్నాయి. ఆయన డెబ్భై ఏళ్ళ సన్నటి మనిషి, కళ్ళద్దాలు తాడుతో మెడకు కట్టుకున్నాడు. ఇంజన్ మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంది. దాని జోలికి పోకుండా ముందు ప్రేమ్ కుమార్‌ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

“బండి ఎట్లా నడుపుతావు సామీ?”

“నెమ్మదిగనే.”

జయశ్రీకి దగ్గు వచ్చింది.

“పెట్రోలు ఎక్కడ పోస్తావు?”

“ఎక్కడ దొరికితె అక్కడ.”

“ఆయిల్ ఎవరు మారుస్తారు?”

“మా అక్క.”

మునిరత్నం అప్పుడు హెప్సిబా వైపు తిరిగి, చేతులు చూశాడు. గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా పోని నలుపు. అది చూసి దుప్పటి తీశాడు.

ఇంజన్ మీద మెరుపులేమీ లేవు. పక్కన ఒక బరువైన నోటుబుక్కు. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది పేజీలు, ప్రతి కొలతా ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసి రాసినది. గాలిని నొక్కే లెక్క తక్కువ పెట్టాడు, పైన కుక్కేవాడు ఒకడున్నాడని తెలిసి పెట్టిన లెక్క. బలం ఏడువందల గుర్రాలు. ఆ అంకె విని ప్రేమ్ కుమార్ భుజాలు కొద్దిగా కిందికి జారాయి.

హెప్సిబా పేజీలు తిప్పుతూ పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు దగ్గర ఆగిపోయింది. ఆమె ట్రాక్టర్లకు పెట్టేదానికంటే తక్కువ ఉండాల్సింది, ఈ సైజు పిస్టన్‌కు చాలా ఎక్కువ ఉంది.

“పెద్దాయనా, ఇది వదులున్నది.”

“లేదమ్మా.”

“ఉన్నది. గింత సందు ఉంటె పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ గోడకు కొట్టుకుంట గలగల అంటది.”

“అంటాది. అననీ. ఐదు నిమిషాలు అంటాది” అని ఆయన నవ్వాడు. “నువ్వు చూసేది పోత పోసిన పిస్టన్లు. ఇవి సమ్మెటతో కొట్టినట్టు ఒత్తి చేసినవి. గట్టివి, కాని వేడికి బాగా ఉబ్బుతాయి. నీ కొలత పెడితే వేడెక్కినాక గోడను కరుచుకొని ఆడనే నిలబడతాది.”

హెప్సిబా ముఖం వేడెక్కింది. ముప్పై ఏళ్ళ పైన ఈ పని చేస్తోంది. ఇంకొకరు ఆమె కొలత తప్పని చెప్పి, అది నిజం కావడం ఈ మధ్యకాలంలో ఎరగదు. సంచిలోంచి తన చిన్న పుస్తకం తీసి, ఆయన చెప్పినది రాసుకుంది. రాసుకుని, “ఎంత వేడికి ఎంత ఉబ్బుతది?” అని అడిగింది. ఆయన చెప్పాడు. రింగుల సందు గురించి అడిగింది. అదీ చెప్పాడు. సిలిండర్ల లోపలి గోడలు గీసి నునుపు చేసేటప్పుడు పైన మందపాటి ఇనుపపలక ఎందుకు బిగిస్తారని అడిగింది. పైమూతగా హెడ్డు బిగించినప్పుడు గోడ ఎలా వంగుతుందో అలా ముందే వంచి గీస్తే, తర్వాత గుండ్రంగా నిలుస్తుందని చెప్పాడు. గంట గడిచింది. జయశ్రీ, ప్రేమ్ కుమార్ బయటికి పోయి ఇడ్లీ తిని వచ్చారు. వీళ్ళిద్దరూ అదే చోట అదే మాటల్లో ఉన్నారు.

ఆ తర్వాత ఆమె ఇంజన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది మాసయ్య నేర్పిన పద్ధతి. ఎవరు చేసినదైనా సరే, చేతితో తడమకుండా బండికి ఎక్కించకూడదు. వెనకవైపు, ఆయిల్ దారుల చివర బిగించే చిన్న మూతలు ఉంటాయి. ఇంజన్ బండికి ఎక్కితే అవి లోపలికి పోతాయి, మళ్ళీ ఎవరికీ కనబడవు. మొదటిది పట్టుకుంది, కదలలేదు. రెండోది కదలలేదు. మూడోది ఆమె రెండు వేళ్ళతోనే తిరిగింది.

 మునిరత్నం కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు, తన వేళ్ళతో తిప్పి చూశాడు. తిరిగింది. అది అలాగే బండికి ఎక్కి ఉంటే, వెయ్యి కిలోమీటర్ల లోపు ఎక్కడో ఒకచోట ఊడి, ఆయిలంతా కారిపోయి, ఇంజన్ పోయేది.

“సూసినవా అక్కా!” అన్నాడు ప్రేమ్ కుమార్, గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది. “పెద్దాయనది గూడ అంతే. ఆ నీలం లైట్లదే మంచిగుండె. పిస్టన్లు మారిపిచ్చుకుందుము.”

హెప్సిబా అతని మాట వినడం లేదు. ఆమె చూస్తున్నది ముసలాయనను. ఆయన ఆ మూత విప్పి, శుభ్రం చేసి, ఊడకుండా పట్టే మందు పూసి, కొలత చూసుకుని బిగించాడు. మిగిలిన మూతలన్నీ మళ్ళీ బిగించి చూశాడు. తర్వాత నోటుబుక్కు తెరిచి, చివరి పేజీలో ఆ రోజు తేదీ వేసి రాశాడు. ‘వెనక మూడో మూత వదులుగా వదిలేసినాను. వనపర్తి హెప్సిబా కనిపెట్టింది.’ రాసి, కింద సంతకం చేసి, పుస్తకం ఆమె వైపు తిప్పాడు. “నువ్వూ చెయ్యమ్మా” అన్నాడు. ఆమె చేసింది.

బయటికి వచ్చాక ప్రేమ్ కుమార్ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆమె ఆపింది.

“తమ్మీ, తప్పు చెయ్యని మేస్త్రి ఉండడు. నేను చేసిన. మా నాయిన చేసిండు. కొనేటోని ముంగట సంతకం పెట్టి తన తప్పు రాసుకునేటోన్ని నేను ఇప్పటిదాక సూడలే. నన్ను అడిగినవు గాబట్టి చెప్తున్న. ఇదే ఇంజన్. కాని ఒక మాట. పాత పెద్ద పుల్లీ మల్ల పెట్టాలె. చిన్నది పెడ్త అంటె ఇప్పుడే చెప్పు, నన్ను బెంగళూరుల బస్సెక్కియ్యి.”

“ఏడొందలకు ఒప్పుకున్న. మల్ల పుల్లీ గూడనా?”

“పుల్లీ గూడ.”

అతను జయశ్రీ వైపు చూశాడు. ఆమె చేతిలోని వక్కపొడి పొట్లం చించుతూ, “నా వైపు సూడకు. నాకు ఎద్దులబండి అయినా ఒకటే” అంది. అనంతపురం దాటేదాకా అతను అలిగి ఉన్నాడు. గుత్తి దగ్గర ఆగి చాయ్ తాగినప్పుడు ఒప్పుకున్నాడు.

ఇంజన్ వచ్చింది. ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. గాలికి తగ్గ పెట్రోలు లెక్కలు కంప్యూటరుతో సరిచేయడానికి మునిరత్నం తన మనిషిని పంపాడు. బండి కాగితాల్లో ఇంజన్ నంబరు మార్పించుకోవడానికి ప్రేమ్ కుమార్ రవాణా ఆఫీసుకు పోతే, అక్కడి ఆయన ఫారం చూసి, ‘ఇంజన్ మార్చుటకు కారణము’ అన్నచోట ఏం రాయాలని అడిగాడట. ప్రేమ్ కుమార్ చాలాసేపు ఆలోచించి, “ఆశ” అని రాయమన్నాడట. ఆయన “పాతది చెడిపోయినందున” అని రాసుకున్నాడు.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. కొత్తగా కూర్చిన ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు సున్నితంగా నడపాలి. ఒకే వేగంలో ఉంచకూడదు, గట్టిగా తొక్కకూడదు. అప్పుడే రింగులు గోడతో స్నేహం చేసుకుంటాయి. ప్రేమ్ కుమార్ ఆ వెయ్యి కిలోమీటర్లు ఎలా పూర్తి చెయ్యాలో తెలియక, పని ఉన్నా లేకున్నా తిరగడం మొదలుపెట్టాడు. నాగర్‌కర్నూలుకు పోయి టమాటలు తెచ్చాడు. గద్వాలకు పోయి జయశ్రీకి చీర తెచ్చాడు, రంగు నచ్చలేదంటే సంబరపడి మార్చడానికి మళ్ళీ పోయాడు. వాళ్ళమ్మ రేణుకమ్మ ఆ కారును కొన్న రోజు నుంచి దాని మొహం చూడలేదు. ఇంత మెల్లగా పోతోందని తెలిశాక ఆమె కూడా ఎక్కింది. ఎక్కి, “గిది మంచి బండిరా, ఆటో లెక్క పోతుంది” అని మెచ్చుకుంది. కొడుక్కు ఆ రోజు అన్నం సహించలేదు.

వెయ్యి నిండాక హెప్సిబా ఆయిల్ దింపి తెల్లటి గుడ్డలోంచి వడగట్టింది. గుడ్డను ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఇనుప మెరుపు ఒక్క రవ్వ లేదు. ఆ ఫోటో హోసూరుకు పంపింది. మునిరత్నం బదులుగా ఒక మాట పంపాడు: ‘గలగల?’ ఆమె రాసింది: ‘పొద్దుగాల నాలుగు నిమిషాలు.’ వారం తర్వాత లారీలో ఆమె పేరిట ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో మందపాటి ఇనుపపలక, దానితోపాటు ఇంకొక కారు ఇంజన్ బ్లాకు. దాని సిలిండర్లు గీసి పంపమని చీటీ. అప్పటినుంచి రెండు మూడు నెలలకొకటి వస్తూనే ఉంది. యేసుబాబు ఆ పెట్టెల చెక్కలతో ఇంట్లో రెండు స్టూళ్ళు చేయించాడు.

ఆయిల్ మార్చిన మర్నాడు పొద్దున్నే ప్రేమ్ కుమార్ కారు షెడ్డు ముందు ఆపి, పక్క తలుపు తీశాడు. ఆమె చేతులు కడుక్కుని ఎక్కింది. సీటులో కూర్చోవడం కాదు, అందులోకి పడిపోవడమే. పెబ్బేరు దాటి పెద్దరోడ్డెక్కాక, ముందూ వెనకా ఎవరూ లేని చోట అతను ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను తొక్కాడు. రోడ్డు పక్క చెట్లు గోడలా కలిసిపోయాయి, ఆమె వీపు సీటుకు అతుక్కుపోయింది, ఇంజన్ నెత్తిన గాలి యంత్రం సన్నగా ఈల వేసింది. ఆరేడు సెకన్లు. అంతే, అతను కాలు తీశాడు.

“ఎట్లున్నదక్కా?”

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. “ఎనిమిది గూడ ఒక్కతీరుగ మాట్లాడుతున్నయి” అంది. తర్వాత కళ్ళు తెరిచి, గొంతు సవరించుకుని, “నా చెప్పొకటి ఎటో పోయింది సూడు” అంది.

వనపర్తికి తిరిగి వచ్చే దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. రెండొందలకు తక్కువ ఉండవు. ప్రేమ్ కుమార్ హారన్ కొట్టబోతే ఆమె చేయి పట్టుకుంది. కారు గొర్రెల వెనక అడుగులో అడుగు వేస్తూ పోయింది. ఎండ ముదురుతోంది. పావుగంటయినా వేడి చూపే ముల్లు తన చోటు నుంచి కదలలేదు, ఇంజన్ చప్పుడు మారలేదు. హెప్సిబాకు ఇందాకటి ఆరేడు సెకన్ల కంటే ఈ పావుగంటే ఎక్కువ నచ్చింది. జోరుగా పోయేటప్పుడు గాలి తగిలి ఏ ఇంజనైనా చల్లగానే ఉంటుంది. ఎండలో నిలబెట్టినప్పుడే దాని గుణం తెలుస్తుంది.

మంద వెనక నడుస్తున్న గొర్రెలకాపరి కారు పక్కకు వచ్చి, కర్ర భుజాన వేసుకుని, అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు.

“మంచిగున్నదే బండి. ఎంతిస్తది?”

ప్రేమ్ కుమార్ ఒక్క క్షణం తటపటాయించాడు. “లీటర్‌కు నాలుగు.”

కాపరి కారును ముందు నుంచి వెనకదాకా మరోసారి చూశాడు. జాలిపడి, చేతి కర్రతో మందను ఒక పక్కకు మళ్ళించి దారి ఇచ్చాడు. “పో తమ్మీ, జల్ది పో. బంకు దగ్గర్నే ఉన్నది” అన్నాడు.